మాస్టారి కటింగుల ఫైలు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చిన కొన్నాళ్ళకి వాళ్ళమ్మాయి ఒక పార్సిల్ పంపింది. గదినిండా నాన్నగారి ఫైళ్ళేనట. పారేయడానికి చేతులు రాక, స్టూడియోలో ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ తలా ఒకటి పంపుతోందట. నాకొచ్చిన దాని అట్ట మీద ఆయన గుండ్రటి అక్షరాలతో "పెయింటర్లు, బట్టలు" అని రాసి ఉంది. తెరిచానో లేదో రబ్బర్ సొల్యూషన్ వాసన గుప్పుమంది. పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మల్ని అట్టలకి అంటించడానికి ఆ రోజుల్లో అదే వాడేవాళ్ళం. జిగురు ఎండిపోయి పసుపు మరకలుగా మిగిలింది, సగం బొమ్మలు ఊడి ఒళ్ళో పడ్డాయి, వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం ఇంకే పనీ కాలేదు నాకు.

బట్టల మీద వేసే ప్రింట్లకి డిజైన్లు గీయడం మా పని. ఇప్పుడు ఆ పనికి కూర్చునే పిల్లలు ఏ పెయింటింగ్ కావాలన్నా తెర మీద పెంచుకుని, బ్రష్షు వెంట్రుకల జాడల దాకా చూస్తారు. మేం చూసిన ప్రపంచ కళంతా ఇదిగో ఈ కటింగులే. మాలో ఎవరమూ అప్పటికి ఒక పెద్ద మ్యూజియం గడప తొక్కినవాళ్ళం కాదు. ఎవరో చదివేసి ఇచ్చిన ఫ్యాషన్ మ్యాగజైన్లు, ఏడాది అయిపోయిన కేలండర్లు, అట్టలు పోయిన ఆర్ట్ పుస్తకాలు. వాటిల్లో బొమ్మలు అరచేతిలో సగం ఉండేవి. చాలావరకు బ్లాక్ అండ్ వైట్.

చిత్రకారిణి సోనియా డెలోనే వేసిన వలయాల బొమ్మని నేను చాలాకాలం బూడిద రంగులోనే చూశాను. ఇంతా చేసి ఆవిడ పనికి రంగులే ప్రాణం. పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి రెచ్చగొట్టి కదలిక పుట్టిస్తాయన్నది ఆవిడ నమ్మకం. ఆ సంగతి చదివాం, రంగులే చూడలేదు. మాస్టారు ఆ కటింగుని ఫోటోస్టాట్ తీయించి తలా ఒకటి చేతికిచ్చి, "ఆవిడ ఏ రంగులు వేసిందో నాకూ తెలీదు. మీరు వెయ్యండి" అన్నారు. ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత అసలు బొమ్మని రంగుల్లో చూశాను. మేం వేసిన వాటిల్లో ఏదీ దానికి దగ్గరగా లేదు. అయినా మా పక్క టేబుల్ అక్క వేసిన ఆకుపచ్చదే నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ కటింగు కింద మాస్టారు పెన్సిల్‌తో "1911, దుప్పటి" అని రాసుకున్నారు. ఆ ఏడు డెలోనే తన పసిబిడ్డ కోసం రంగురంగుల బట్టముక్కలు కలిపి ఒక దుప్పటి కుట్టింది. ఆవిడ అమూర్త చిత్రాలకి ఆ దుప్పటే తొలి అడుగని చెబుతారు. 1920లలో మళ్ళీ బట్టల డిజైన్లలోకే వచ్చి, ప్యారిస్‌లో సొంతంగా వ్యాపారమూ నడిపింది. 1964లో ఆవిడ బతికుండగానే అక్కడి లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. అంతకుముందు ఏ మహిళా చిత్రకారిణికీ దక్కని గౌరవం అది. "చూశారా, ముందు దుప్పటి, తర్వాత పెయింటింగు" అనేవారు మాస్టారు. బట్టల పనివాళ్ళం తక్కువేం కాదని మాకు ధైర్యం చెప్పడానికే అనుకుంటాను, ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

* * *

స్టూడియోలో పొద్దున నీళ్ళ చప్పుడుతో మొదలయ్యేది. ఎవరు ముందొస్తే వాళ్ళు బ్రష్షుల గ్లాసులు కడిగి నింపాలి. తర్వాత లైట్ టేబుల్ స్విచ్. లోపలి ట్యూబులు రెండుమూడు సార్లు మిణుకుమని వెలిగి, ఒకటే రొద పెట్టేవి. సాయంత్రం ఆపేసినప్పుడు గానీ ఆ రొద ఉందని గుర్తొచ్చేది కాదు. ట్రేసింగ్ పేపర్ చుట్ట విప్పుతుంటే గరగర. పక్క గదిలో పొడవాటి ప్రింటింగ్ టేబుళ్ళ దగ్గర స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ బిగించిన చట్రం, దించినప్పుడల్లా ధబ్బున చప్పుడు. కాసేపు కిర్రుమంటూ రంగు నెట్టే రబ్బరు పలక ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మళ్ళీ ధబ్. ఆ తాళం తప్పిందంటే అక్కడేదో తేడా వచ్చిందని తలెత్తకుండానే మాకు తెలిసిపోయేది.

రంగులు కలపడం ఒక పెద్ద యవ్వారం. మేం వాడే గవాష్, అంటే చిక్కటి నీటిరంగు, తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఒక రంగు. ముదురువి కొంచెం తేలుతాయి, లేతవి కొంచెం ముదురుతాయి. అందుకని కలిపిన ప్రతి రంగునీ కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి, ఊదుకుంటూ చూసి, అప్పుడు మొదలుపెట్టాలి. డిజైన్ మొత్తానికి సరిపడా ఒకేసారి కలుపుకోవాలి. సగంలో అయిపోతే మళ్ళీ అదే రంగు తేవడం బ్రహ్మతరం కాదు. అక్క చెయ్యి ఈ విషయంలో మహా గట్టిది.

"అక్కా, ఈ ఎరుపులో నలుపు ఎంత వేశావ్?"

"నలుపెందుకమ్మా, చచ్చిపోతుంది. చిటికెడు ఆకుపచ్చ వేశా."

ఇంకో నెల్లాళ్ళు నేను దేంట్లో పడితే దాంట్లో ఆకుపచ్చ వేసి చూశాను.

వాడేసిన రంగు ముక్కలన్నీ నంబర్లు వేసి డబ్బాల్లో దాచేవాళ్ళు. రంగులకి నంబర్లిచ్చే పాంటోన్ పుస్తకం అప్పటికే లోకంలో ఉంది, మా టేబుల్ దాకా రాలేదు. "పోయిన సీజన్ పువ్వు కింద వేసిన ఆ పాచిరంగు" అంటే చాలు, అక్క సరిగ్గా ఆ డబ్బా తీసేది. మాకు అదే క్యాటలాగు.

* * *

మాస్టారు నేర్పినవాటిల్లో అన్నిటికంటే కష్టమైంది రిపీట్, అంటే ఒకే బొమ్మ అతుకు తెలీకుండా బట్ట పొడుగునా మళ్ళీ మళ్ళీ వచ్చేలా గీయడం. పెయింటింగ్‌ని చూసి ప్రింటు చేద్దామని కూర్చున్న ప్రతివాడికీ మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. పెయింటింగ్‌కి నాలుగు అంచులుంటాయి, చూపు ఆగే చోటు ఒకటుంటుంది. బట్టకి అంచులుండవు. గజాల కొద్దీ సాగిపోతుంది, దర్జీ ఎక్కడ కోస్తాడో మనకి తెలీదు. మీ బొమ్మలో అందమైన చోటు చంకలోకి పోవచ్చు, కుట్టులోకి పోవచ్చు. అందుకని ఏ ముక్క కోసినా నిలబడాలి.

చేతి పద్ధతి ఇలా ఉండేది. కాగితం మధ్యలో బొమ్మ గీస్తాం, అంచుల జోలికి పోం. గీశాక కాగితాన్ని నిలువునా రెండుగా కోసి, కుడి ముక్కని ఎడమకి, ఎడమ ముక్కని కుడికి మార్చి వెనక టేపు వేస్తాం. ఇప్పుడు ఇంతకుముందు అంచులుగా ఉన్నవి మధ్యకొచ్చాయి, అక్కడ ఖాళీ ఉంది. ఆ ఖాళీ నింపాలి. తర్వాత అడ్డంగా కోసి, పైదాన్ని కిందికి మార్చి, మళ్ళీ నింపాలి. కష్టపడి గీసిన బొమ్మని మొదటిసారి బ్లేడుతో కోయడానికి నా చెయ్యి ఆడలేదు. మాస్టారు వచ్చి, స్కేలు పెట్టి, సర్రున కోసేసి వెళ్ళిపోయారు. ఏమీ అనలేదు.

వరసల్ని సగం కిందికి జరిపి పెడితే హాఫ్‌డ్రాప్. కంటికి చదరం దొరకదు, పువ్వులు ఏటవాలుగా పరుగెడతాయి, రిపీట్ ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. మేం ఎక్కువ వాడింది అదే. ఒక నమూనా సమతలం మీద పునరావృతం కావడానికి మొత్తం 17 దారులే ఉన్నాయని ఫెడరోవ్ అనే రష్యన్ 1891లోనే రుజువు చేశాడు. ఎషర్ అనే డచ్చి చిత్రకారుడు అల్‌హంబ్రా గోడల మీద పలకల్ని చూసి మత్తెక్కిపోయి, బల్లుల్నీ పక్షుల్నీ సందు లేకుండా ఒకదాన్లో ఒకటి అమర్చాడు. ఈ ఫైలులో ఆయన బల్లులూ ఉన్నాయి. మేం ఆ 17లో మూడో నాలుగో వాడి జీతాలు తీసుకున్నాం.

గీసిన రిపీట్‌ని గోడకి తగిలించి, గదికి ఆ చివర నిలబడి, కళ్ళు సగం మూసి చూడాలి. దగ్గరగా ఉన్నప్పుడు కనబడని గీతలు అప్పుడు బయటపడతాయి. ఏ ఖాళీలో ఏ ఖాళీ కలిసి బట్ట పొడుగునా తెల్లటి చార పడుతుందో, ఏ ముదురు ఆకు ప్రతి వరసలోనూ "నేనున్నా" అంటుందో. మాస్టారి దగ్గర ఒక భూతద్దం ఉండేది, పెద్దది చేయడానికి బదులు చిన్నది చేసి చూపించేది. దాన్ని మాలో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

* * *

ఊడి ఒళ్ళో పడ్డ కటింగుల్లో మాంద్రియాన్ గౌను ఒకటి. మాంద్రియాన్ అనే డచ్చి చిత్రకారుడి బొమ్మల్ని బట్టి 1965లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ చేసినది. తెలుపు మీద నల్ల గీతలు, ఎరుపు, పసుపు, నీలం పలకలు. స్టూడియోలో చేరిన ప్రతి కొత్తవాళ్ళకీ మాస్టారు ఈ బొమ్మ చూపించి ఒకే ప్రశ్న వేసేవారు.

"దీనికి స్క్రీన్లు ఎన్ని?"

అందరం వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాళ్ళం. నలుపుకొకటి, ఎరుపుకొకటి, పసుపుకొకటి, నీలానికొకటి. తెలుపు బట్టదే. "నాలుగు సార్."

"సున్నా."

అది ప్రింటే కాదు. ఒక్కో రంగు ఊలు జెర్సీని ముక్కలుగా కోసి, కలిపి కుట్టారు. ఒంటి వంపులకి కావలసిన సర్దుబాట్లన్నీ ఆ గీతల పక్కన కుట్లలో కలిపేశారు. అందుకే గౌను తిన్నగా పలకలా కనిపిస్తుంది, లోపల మనిషికి మాత్రం సరిపోతుంది. అదే గీతల్ని బట్ట మీద అచ్చేసి మామూలుగా కుట్టి ఉంటే ఛాతీ దగ్గర వంగి, నడుం దగ్గర విరిగి, మాంద్రియాన్ గారి నిలువూ అడ్డమూ రెండూ పోయేవి. ఆయన 1944లోనే పోయాడు, చూడలేదు గానీ.

దీని తర్వాత మాస్టారు మా డిజైన్లని గోడ మీంచి తీసి, స్టాండు మీద ఉన్న డమ్మీకి చుట్టి పిన్నులు పెట్టేవారు. చాలావాటి పరువు అక్కడ పోయేది. గోడ మీద గంభీరంగా ఉన్న పెద్ద వలయం పొట్ట మీదికి వస్తే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

* * *

ఆరు రంగులు. అంతకు మించితే ప్రింటింగ్ వాళ్ళు ఒప్పుకునేవారు కాదు. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ చెయ్యాలి, ఒక్కోదానికి విడిగా ఫిల్మ్ మీద నల్ల సిరాతో ట్రేసింగ్ గియ్యాలి. రెండు రంగులు కలిసే చోట సందు రాకుండా వెంట్రుకవాసి ఒకదాని మీదికి ఒకటి ఎక్కించాలి. తెలివైనవాళ్ళు పసుపు మీద నీలం పడేలా వేసి, స్క్రీన్ ఖర్చు లేకుండా ఆకుపచ్చ పుట్టించేవాళ్ళు. అలా దొరికిన ఏడో రంగు చూస్తే మాస్టారికి ఎక్కడలేని సంతోషం.

ఈ ఆరు రంగుల లెక్కతో పెయింటర్లంతా మాకు రెండు కులాలయ్యారు. మోనే లాంటివాళ్ళంటే భయం. ఎక్కడా అంచు ఉండదు, ప్రతి రంగూ పక్కదాంట్లోకి కరుగుతుంటుంది. దాన్ని ఆరుకి దించితే మిగిలేది బురద. మతీస్ మాత్రం మా దేవుడు. ముఖ్యంగా ముసలితనంలో, జబ్బు చేశాక, గవాష్ పూసిన కాగితాల్ని కత్తెరతో కోసి చేసిన ఆకులూ పక్షులూ. అంచు ఎక్కడో ఖాయంగా తెలుస్తుంది, లోపల రంగు ఒకటే. స్క్రీన్ ప్రింటింగ్ కోసమే పుట్టినట్టుండేవి.

నిజంగానే బట్టమీదికీ వచ్చాయి. ప్రాగ్ నుంచి వెళ్ళి లండన్‌లో స్థిరపడిన జీకా ఆషర్ అనే బట్టల ఆయన పెయింటర్ల దగ్గరికి వెళ్ళి స్కార్ఫులకి డిజైన్లు అడిగేవాడు. 1946లో మతీస్ గోడ మీద గుచ్చి పెట్టుకున్న కాగితపు చేపలూ పిట్టలూ సముద్రపు నాచూ చూసి, వాటిని పెద్ద లినెన్ గుడ్డల మీద స్క్రీన్ ప్రింట్ వేయించాడు. ఆ గోడ రంగు లేత గోధుమరంగు. లినెన్ కూడా ఆ రంగులోనే ఉండాలని పట్టుబట్టి అద్దించారు. దాని మీద అచ్చేసింది తెలుపొక్కటే. మాలో ఎవరైనా "ఇంకొక్క రంగు ఇప్పించండి సార్" అని బతిమాలితే మాస్టారు ఈ కటింగు తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయేవారు.

మతీస్ పెరిగింది నేతగాళ్ళ ఊళ్ళో అని చాలా తర్వాత తెలిసింది. బొహాఁ అని ఫ్రాన్స్ ఉత్తరాన ఒక ఊరు. జీవితాంతం బట్టముక్కలు పోగుచేసి, వాటినే పెయింటింగుల్లో గోడలుగా, పరదాలుగా పెట్టాడు. అంటే మేం ఆయన దగ్గర తీసుకున్నది ఆయన ఎప్పుడో ఏ నేతగాడి దగ్గరో తీసుకున్నదే. డ్యుఫీ అనే ఇంకో పెయింటర్ కూడా ప్యారిస్‌లో పాల్ ప్వారే అనే దర్జీ గారి ప్రోత్సాహంతో బట్టల మీద చెక్క అచ్చులు వేసి, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక పట్టు కంపెనీకి డిజైన్లు గీశాడు. పెయింటర్ పై మెట్టు, ప్రింట్ డిజైనర్ కింది మెట్టు అనే మాటని నేను అందుకే ఎప్పుడూ ఒప్పుకోను.

* * *

అమెరికా చిత్రకారుడు వార్హోల్ కటింగు వచ్చిన రోజు బాగా గుర్తు. సినిమా తార మార్లిన్ మన్రో మొహం, వరసలు వరసలుగా. 1962లో ఆవిడ చనిపోయాక వేసినవి. మేమందరం నోరెళ్ళబెట్టి చూస్తుంటే, ప్రింటింగ్ టేబుళ్ళ దగ్గర పెద్దాయన ఒకాయన ఏదో పని మీద లోపలికొచ్చి భుజాల మీంచి తొంగిచూశాడు. చేతులకి రంగు, ఒళ్ళంతా కిరోసిన్ వాసన. అప్పట్లో పిగ్మెంట్ పేస్టులో అది కలిపేవాళ్ళు.

"పెదాల స్క్రీన్ జరిగిపోయింది. ఇక్కడ రంగు బ్లాక్ అయింది. ఈ చివర పలక గట్టిగా నొక్కలేదు" అని ఒక్కో తప్పూ వేలుపెట్టి చూపించాడు. "మొత్తం రిజెక్టే కదమ్మా ఇది. ఎవరు వేశారు?"

మాస్టారు నవ్వి, ఇది మ్యూజియంలో పెట్టుకునే బొమ్మ అని చెప్పారు. పెద్దాయన కాసేపు నమ్మలేదు. తర్వాత, "మరి మా రిజెక్టులన్నీ ఏం చేశారు సార్?" అని అడిగి వెళ్ళాడు.

నాకైతే ఆ రోజు పెద్దాయన చెప్పిందే సరైన కళా విమర్శ అనిపిస్తుంది. వార్హోల్ మా పనిముట్టునే తీసుకెళ్ళాడు, అదే స్క్రీన్, అదే రబ్బరు పలక. మేం రోజూ సరిదిద్దుకునే జారుళ్ళూ మరకలూ ఆయన కావాలని వదిలేశాడు. ఆ తర్వాత మేమూ ఒక సీజన్‌లో రంగు గీతకి కాస్త పక్కకి జరిగినట్టు డిజైన్ గీశాం. పెద్దాయన దాన్ని పట్టుబట్టి సరిగ్గా అచ్చేసి తెచ్చాడు. జరపాలని చెప్పినా ఆయన చెయ్యి జరగలేదు.

టేబుల్ ప్రింటింగ్‌లో నాకెప్పుడూ అబ్బురంగా ఉండేది ఒకటుంది. వరసగా అచ్చెయ్యరు. ఒకటి వేసి, పక్కది వదిలి, మూడోది వేస్తూ చివరిదాకా పోతారు. తడి అచ్చు మీద స్క్రీన్ చట్రం పడకుండా. మళ్ళీ మొదటికొచ్చి, ఆరిన వాటి మధ్య ఖాళీలు నింపుతారు. సగం బట్ట పువ్వులతో, సగం ఖాళీగా టేబుల్ పొడుగునా పరుచుకున్న ఆ కాసేపూ చూడ్డానికి నేను పని వంకతో పక్క గదికి వెళ్ళేదాన్ని.

* * *

ఇంగ్లీషు చిత్రకారిణి బ్రిజెట్ రైలీ కటింగు వెనక మాస్టారు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టారు. దాని కథ ఇది. 1965లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో కళ్ళు తిరిగే రకం బొమ్మల ప్రదర్శన పెట్టారు. రైలీ నలుపు తెలుపు తరంగాలు అందులో ఉన్నాయి. ఆవిడ ఆ ఊరు చేరేసరికి షాపుల అద్దాల్లో తన గీతలే గౌన్లుగా వేలాడుతున్నాయి. ఆవిడ పెయింటింగ్ కొన్న ఒక గౌన్ల తయారీదారే దాన్నిబట్టి బట్ట తయారుచేయించి కుట్టించాడు. పొగిడారని అనుకోవాలట. ఆవిడ మాత్రం మండిపడింది, కోర్టుకి వెళ్ళాలనుకుంది, అప్పటి చట్టం ఆవిడకి పెద్దగా ఉపయోగపడలేదు.

అందుకే మా స్టూడియోలో ఒక నియమం ఉండేది. ఫైలు ఎంతసేపైనా చూడొచ్చు. గీయడానికి కూర్చునేటప్పుడు ఫైలు మాస్టారి బీరువాలో ఉండాలి. "చూడు, మూసెయ్, గియ్" అనేవారు. మూసేశాక గుర్తుండేది బొమ్మ కాదు, దాని నడక. ఏ వైపు నుంచి ఏ వైపుకి పోతోంది, ఎక్కడ బిగుసుకుంది, ఎక్కడ వదిలింది. రైలీ దగ్గర మేం నేర్చుకున్నది అదొక్కటే: గీత మధ్య దూరం మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతే చదునైన కాగితం మడతపడ్డట్టు కనిపిస్తుందని.

మాకూ ఆ అనుభవం అయింది. ఇటలీ డిజైనర్ ఎమీలియో పూచీ తన సుడులు తిరిగే ప్రింట్ల గీతల్లో ఎక్కడో "ఎమీలియో" అని చిన్నగా సంతకం కలిపేసేవాడు. అది తెలిసిన దగ్గర్నుంచి అక్క తన ప్రతి డిజైన్‌లోనూ ఏదో ఒక ఆకు కింద బియ్యపు గింజంత పురుగుని దాచేది. ఒకసారి వేరే కంపెనీ వాళ్ళ బట్ట మా చేతికొచ్చింది. రంగులు మార్చారు, మొత్తం తలకిందులు చేశారు. పురుగు కూడా తలకిందులుగా అక్కడే ఉంది. అక్క ఏడుస్తుందేమోనని చూశాను. "పాపం, ఇదేదో మచ్చ అనుకోకుండా శ్రద్ధగానే దించారు" అంది.

* * *

కంప్యూటర్ వచ్చాక జరిగినవి వేగంగా జరిగాయి, నాకు అంత గుర్తూ లేవు. లైట్ టేబుల్ మీద సామాన్లు పెట్టడం మొదలైంది. రిపీట్ ఒక్క మీటతో వచ్చేది. హాఫ్‌డ్రాప్ కావాలా, ఇంకో మీట. నడుం నొప్పులు తగ్గిన మాట వాస్తవం, ఆ రోజులే బంగారం అని నేను అనను. ఫిల్మ్ మీద సిరా ట్రేసింగులు మళ్ళీ గియ్యమంటే దండం పెడతాను.

2003లో లూయి విటాన్ కంపెనీ వాళ్ళ బ్యాగుల మీద జపాన్ చిత్రకారుడు మురకామి అచ్చు చూసినప్పుడు మాత్రం మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెల్లటి నేల మీద 33 రంగులు. ముప్పై మూడు! ఏడో రంగు కోసం పసుపు మీద నీలం దొంగతనంగా ఎక్కించిన మాకు అది ఎవరో ఆస్తి తగలేస్తున్నట్టుంది. ఆరేళ్ళకి, 2010 వసంతకాలపు బట్టలంటూ ఇంగ్లండ్ ఫ్యాషన్ డిజైనర్ మెక్‌క్వీన్ చూపించినవి ఇంకో ఎత్తు. పాము చర్మాలు, చిమ్మటల రెక్కలు, సముద్రపు అడుగు. ఏ గౌను కొలతకి ఆ ప్రింటు విడిగా తయారుచేసి, నడుం దగ్గర ఏ పొలుసు రావాలో ముందే లెక్కవేసి, డిజిటల్‌గా అచ్చేశారు. స్క్రీన్లు లేవు, రంగులకి లెక్క లేదు, రిపీట్ అసలే లేదు. గొట్టంలా తిరుగుతూ అచ్చేసే రోటరీ స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు కాబట్టి 64లోకో, 32లోకో, 16లోకో పువ్వుల్ని కుదించుకుంటూ బతికినవాళ్ళం మేం. ఆ వీడియో మాస్టారికి చూపించాను. అప్పటికి రిటైరయ్యారు. రెండుసార్లు చూసి, "దర్జీ ఇంక ఎక్కడ పడితే అక్కడ కొయ్యలేడు" అన్నారు. మెచ్చుకున్నారో, దర్జీ మీద జాలిపడ్డారో తేల్చుకోలేకపోయాను.

మెక్‌క్వీన్‌ది గొప్ప పనే. అయినా నన్నడిగితే జపాన్ చిత్రకారిణి కుసామా చుక్కలే కష్టం. చుక్క ఎవరైనా పెడతారు, చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత వదలాలన్నది చేతికి రావాలి. చుక్కల డిజైన్ వేసిన ప్రతిసారీ నేను చారల్లో చిక్కుకునేదాన్ని.

* * *

ఇంత ఆర్ట్ చూసి, ఇంత గీసి, చివరికి అమ్ముడుపోయేది ఏమిటయ్యా అంటే చిన్న పువ్వులు. ప్రతి సీజన్‌కీ అదే కథ. డిజైన్లన్నీ నేల మీద పరిచేవాళ్ళం. కొనేవాళ్ళు చుట్టూ నడుస్తూ, డెలోనే నుంచి నేర్చుకున్న వలయాల ముందు ఆగి "చాలా బాగుందండీ" అని తల ఊపి, పక్కనున్న పువ్వుల్ని తీసుకునేవారు. మాస్టారికి ఇది ముందే తెలుసు. వలయాలకి రెండు వైపులా పువ్వులు పరిపించేది ఆయనే.

ఫిన్లండ్‌లో మరిమెక్కో స్థాపించిన ఆర్మి రాతియా మాత్రం తన కంపెనీలో పువ్వుల ప్రింట్లే వద్దని అందట. కొమ్మ మీది పువ్వు ముందు బట్ట మీది పువ్వు ఎందుకూ పనికిరాదని ఆవిడ పట్టుదల. 1964లో మైయా ఇసోలా వినకుండా పెద్ద పెద్ద గసగసాల పువ్వులు గీసి తెచ్చింది. గుండ్రంగా, మొండిగా, ఎవరికీ లొంగనట్టు. అవే ఆ కంపెనీకి ఇప్పటికీ గుర్తు. ఆ కటింగు చూపిస్తూ మాస్టారు, "పువ్వు వెయ్యడం తప్పు కాదు, మర్యాదగా వెయ్యడమే తప్పు" అన్నారు.

ఒక సీజన్‌కి నేనూ అక్కా కలిసి తరంగాల డిజైన్ ఒకటి చేశాం. ఫైలు మూసేశాక మాకు మిగిలిన రైలీ అది. బట్ట పొడుగునా గీతలు దగ్గరవుతూ దూరమవుతూ పోతాయి, వాటి మధ్య పువ్వులు. గీత ఎటు వంగితే పువ్వు కాడ అటు వంగాలి, గీతలు బిగిసిన చోట రేకులు సన్నబడాలి. రాత్రుళ్ళు కూర్చుని చేశాం. కొనేవాళ్ళు వచ్చారు. ఒకాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మాకు గుండె దడ.

"పువ్వు బావుందండీ. ఈ గీతలు తీసేసి ఇవ్వండి."

అక్క మొహం మాడిపోయింది. మాస్టారు ఏ మాత్రం తొణక్కుండా "అలాగేనండీ" అన్నారు. కొనే ఆయన వెళ్ళాక మేమేదో అనబోతే, మాస్టారు "తియ్యండి, తీసి చూడండి" అన్నారు. గీతల స్క్రీన్ పక్కన పెట్టి మిగతావి అచ్చేయించాం. బట్ట పరిస్తే గీత ఒక్కటీ లేదు. కానీ పువ్వులన్నీ ఎటో కొట్టుకుపోతున్నాయి. ఒకచోట ముడుచుకుని, ఇంకోచోట విచ్చుకుని, కాడలన్నీ కనబడని వంపు వెంట వాలి ఉన్నాయి.

అది బాగా నడిచింది. రంగులు మార్చి మార్చి వేశాం. తర్వాతి సీజన్‌లో ఆయనే మళ్ళీ వచ్చి, పోయినసారి పువ్వులాంటిది ఇంకోటి కావాలన్నాడు. "చాలామందిచేత వేయించి చూశానండీ, అది రావట్లేదు. నిలబడి ఉన్నా కదులుతున్నట్టుంటుంది మీది. ఎలా వేశారు?"

అక్క నవ్వు ఆపుకోలేక బ్రష్షులు కడిగే నెపంతో లేచిపోయింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, చాలా సీరియస్‌గా చెప్పారు.

"గాలివాటం సార్."